టీ420లో ఎక్స్‌పీ పడట్లేదు, సెటప్ మొదట్లోనే స్టాప్ 7బి (పేజ్‌మేకర్ కోసం కావాలి)

#1 అచ్చుతప్పు
థింక్‌ప్యాడ్ టీ420. ఐ5-2520ఎం, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్ తీసేసి కొత్త 240 జీబీ ఎస్‌ఎస్‌డీ బిగించాను. ఇందులో విండోస్ ఎక్స్‌పీ ఎస్‌పీ3 (సర్వీస్ ప్యాక్ 3) పడాలి. అచ్చుపనికి పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7.0లో, అను తెలుగు ఫాంట్లతో కంపోజ్ చేసిన ఫైళ్లు రెండు వేలకు పైగా ఉన్నాయి. వాటిని తెరిచి తేదీలూ పేర్లూ మార్చి అచ్చు ప్లేటుకి పంపడమే దీని పని, ఇంకేం అక్కర్లేదు.

సీడీ బూట్ అవుతోంది. కింద తెల్లగీతలో డ్రైవర్ల పేర్లు గబగబా పరుగెడతాయి. "సెటప్ ఈజ్ స్టార్టింగ్ విండోస్" అని రాగానే నీలం తెర, స్టాప్ 7బి. సీడీ మార్చినా అదే వరస. ఎస్‌ఎస్‌డీ పోయినట్టా?

#2 బ్లూస్క్రీన్‌బాబు
ఎస్‌ఎస్‌డీ నిక్షేపంగా ఉంది. 7బి అంటే సెటప్‌కి బూట్ డిస్క్ కనపడలేదని అర్థం. బయోస్‌లో (మెషీన్ సొంత సెట్టింగులు) సాటా (డిస్క్ కనెక్షన్) ఏహెచ్‌సీఐ అనే కొత్త మోడ్‌లో ఉండి ఉంటుంది, ఎక్స్‌పీ సీడీలో ఆ డ్రైవరే లేదు. ఆన్ చేయగానే ఎఫ్1 కొట్టి కాన్ఫిగ్, సీరియల్ ఏటీఏ, అక్కడ కంపాటిబిలిటీ పెట్టండి. ఎఫ్10తో సేవ్. పడుతుంది.

#3 టక్స్‌తమ్ముడు
2001 నాటి ఓఎస్ ఎందుకన్నా, లినక్స్ మింట్ వేసుకో. హాయిగా ఉంటుంది.

#4 అచ్చుతప్పు
తమ్ముడూ, మింట్‌లో పేజ్‌మేకర్ ఎవరు నడుపుతారు, నువ్వా?

#5 టక్స్‌తమ్ముడు
నడపక్కర్లేదు. లిబ్రేఆఫీస్ 4.4 నుంచి డ్రాలో పేజ్‌మేకర్ ఫైళ్లు నేరుగా తెరుచుకుంటాయి. ఫాంట్లు సిస్టమ్‌లో ఉంటే మ్యాటర్ కూడా కనిపిస్తుంది. ఓసారి చూశాకే తిట్టండి.

#6 ఒత్తులరాజు
తెరుచుకుంటాయి, కాదనను. కానీ లైన్లు జరుగుతాయి, ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) పోతుంది, పక్క కాలమ్‌లో ఉండాల్సిన మ్యాటర్ కిందికి దిగుతుంది. ఫైల్లో ఏముందో చూసుకోడానికి సరే, ప్లేటుకి పంపడానికి పనికిరాదు. పైగా మళ్లీ పేజ్‌మేకర్ ఫైలుగా సేవ్ చేయలేం. దీనికన్నా ఇన్‌డిజైన్ సీఎస్6 నయం, పేజ్‌మేకర్ 6.5, 7 ఫైళ్లు తీసుకుంటుంది. తర్వాతొచ్చిన సీసీ వెర్షన్లలో ఆ సదుపాయం ఎత్తేశారు. సీఎస్6లోకి తెచ్చినా ప్రతి పేజీ మళ్లీ చూసుకోవాల్సిందే. రెండు వేల ఫైళ్లంటే తల ప్రాణం తోకకొస్తుంది.

#7 స్క్రూడ్రైవర్‌స్వామి
ఆగండాగండి, #2 చెప్పినట్టు మోడ్ మార్చేసి వెంటనే సెటప్‌లోకి దూకొద్దు. హార్డ్‌డిస్క్ అయితే నేనూ అదే చెప్పేవాణ్ని. ఎస్‌ఎస్‌డీకి ముందు పార్టిషన్ సంగతి చూసుకోవాలి.

ఎక్స్‌పీ సెటప్ తనంతట తాను పార్టిషన్ చేస్తే 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది. 63ని 512తో గుణిస్తే 32,256 బైట్లు, అది 4096తో భాగింపబడదు. అంటే విండోస్ రాసే ప్రతి 4 కేబీ ముక్కా ఎస్‌ఎస్‌డీ లోపల రెండు పేజీల మీద పడుతుంది. ఒక రాతకి రెండు రాతలు: నెమ్మదిస్తుంది, ఎస్‌ఎస్‌డీ తొందరగా అరుగుతుంది. కొత్త 4కే సెక్టార్ హార్డ్‌డిస్కులకీ ఇదే గతి.

అందుకని పార్టిషన్ బయట చేసుకురండి. విండోస్ 7 డీవీడీతో బూట్ చేసి, భాష అడిగే తెర దగ్గర షిఫ్ట్+ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. డిస్క్‌పార్ట్ అని కొట్టి వరసగా: సెలెక్ట్ డిస్క్ 0, క్లీన్, క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ సైజ్=40960 అలైన్=1024, ఫార్మాట్ ఎఫ్‌ఎస్=ఎన్‌టీఎఫ్‌ఎస్ క్విక్, యాక్టివ్. క్లీన్ కొడితే డిస్క్ మొత్తం ఊడ్చుకుపోతుంది, అందులో ఏమైనా ఉంటే ముందే తీసుకోండి. వేరే డిస్కులు తగిలించి ఉంటే పీకేయండి, డిస్క్ 0 ఏదో పొరపడకుండా. మిగతా జాగాలో ఫైళ్ల కోసం ఇంకో పార్టిషన్ ఇదే పద్ధతిలో చేసి, చివర 30 జీబీ దాకా ఖాళీగా వదిలేయండి. ఎక్స్‌పీకి ట్రిమ్ (చెరిపేసిన జాగా ఏదో ఎస్‌ఎస్‌డీకి చెప్పే పద్ధతి) తెలీదు, ఆ ఖాళీ ఎస్‌ఎస్‌డీ తన సర్దుళ్లకి వాడుకుంటుంది.

ఆ తర్వాత ఎక్స్‌పీ సెటప్‌లో ఆ పార్టిషన్ ఎంచుకుని, "లీవ్ ది కరెంట్ ఫైల్ సిస్టమ్ ఇంటాక్ట్" అన్న చివరి వరస మీద ఎంటర్. పొరపాటున అక్కడ డి నొక్కి డిలీట్ చేసి మళ్లీ సి నొక్కారో, మళ్లీ 63 దగ్గరికే వస్తుంది, మొత్తం పని మొదటికి.

ఇంకోటి. బయోస్ స్టార్టప్ మెనూలో యూఈఎఫ్ఐ/లెగసీ బూట్ దగ్గర లెగసీ ఓన్లీ (పాత పద్ధతి బూట్) పెట్టండి. 32-బిట్ ఎక్స్‌పీ జీపీటీ (కొత్త తరహా పార్టిషన్ పట్టిక) డిస్క్ నుంచి బూట్ అవ్వదు. పైన క్లీన్ కొట్టాక డిస్క్‌పార్ట్ పాత తరహా ఎంబీఆర్‌గానే చేస్తుంది కాబట్టి ఆ బెంగ లేదు.

#8 కోటి_కేబుల్
స్వామి పోస్టు ప్రింట్ తీసి గోడకి అంటించాలి. పేజ్‌మేకర్‌లో కంపోజ్ చేసి మరీ.

#9 ర్యామ్‌భక్తుడు
#2తో నాకు పేచీ ఉంది. కంపాటిబిలిటీ పెడితే ఎస్‌ఎస్‌డీని పాత ఐడీఈ డిస్కులా చూస్తుంది, ఎన్‌సీక్యూ (చాలా పనులు ఒకేసారి వరసపెట్టుకునే నేర్పు) పోతుంది. అంత డబ్బు పెట్టి ఎస్‌ఎస్‌డీ కొన్నది ఇందుకా? ఎన్‌లైట్ అనే సాఫ్ట్‌వేర్‌తో సీడీలోనే ఏహెచ్‌సీఐ డ్రైవర్ కలిపేయొచ్చు. వేరే కంప్యూటర్‌లో ఎన్‌లైట్ వేసి (దానికి డాట్‌నెట్ 2.0 కావాలి), ఎక్స్‌పీ సీడీ మొత్తం ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, డ్రైవర్స్ దగ్గర ఇంటెల్ 32-బిట్ ఎఫ్6 డ్రైవర్ (సెటప్ సమయంలోనే ఎక్కే డిస్క్ డ్రైవర్) ఇవ్వాలి. టెక్స్ట్‌మోడ్ డ్రైవర్ ఎంచుకుని, జాబితాలో 6 సిరీస్ మొబైల్ ఏహెచ్‌సీఐ మీద టిక్. డెస్క్‌టాప్‌ది ఎంచుకుంటే మళ్లీ 7బియే. టీ420 కంట్రోలర్ డివైస్ ఐడీ 1సీ03, సరిచూసుకోండి. తర్వాత ఐఎస్ఓ చేసి సీడీ-ఆర్ మీద తక్కువ వేగంలో బర్న్ చేయండి.

#10 బ్లూస్క్రీన్‌బాబు
పెళ్లిపత్రిక తెరవడానికి ఎన్‌సీక్యూ ఎందుకు గురూ. కంపాటిబిలిటీలో ఉన్నా హార్డ్‌డిస్క్ కన్నా ఎన్నో రెట్లు నయం. పనయ్యేది ముఖ్యం.

#11 ర్యామ్‌భక్తుడు
ముందు వేసేసి, తర్వాత ఏహెచ్‌సీఐకి మారుద్దాం అనుకుంటారు చూడు, అక్కడే మునుగుతారు. వేశాక బయోస్‌లో ఊరికే మారిస్తే మళ్లీ 7బి.

#12 స్క్రూడ్రైవర్‌స్వామి
మార్చడానికి దారుంది గానీ నేను సిఫార్సు చేయను. డివైస్ మేనేజర్‌లో సాటా కంట్రోలర్‌కి "హ్యావ్ డిస్క్" ద్వారా ఇంటెల్ ఏహెచ్‌సీఐ డ్రైవర్ బలవంతంగా అంటగట్టాలి, హెచ్చరిక వస్తే ఎస్ అనాలి, రీస్టార్ట్ చేసి నేరుగా బయోస్‌కి వెళ్లి మోడ్ మార్చాలి. ఆ ఒక్క రీస్టార్ట్‌లో ఏమరుపాటున విండోస్‌లోకి వదిలితే మళ్లీ లేవదు. ఇప్పుడే ఖాళీ డిస్క్ ఉంది కాబట్టి ఏదో ఒకటి తేల్చుకుని మొదలుపెట్టడం మేలు.

#13 మీసాల_మౌస్
ఎన్విడియా ఉన్న టీ420నా, లేనిదా? ఎన్‌వీఎస్ 4200ఎం ఉంటే ఎక్స్‌పీకి ఆప్టిమస్ (రెండు గ్రాఫిక్స్ మధ్య తనే మారడం) అర్థం కాదు. కాన్ఫిగ్, డిస్‌ప్లేలో గ్రాఫిక్స్ డివైస్ ఇంటిగ్రేటెడ్ పెట్టి, కింద ఉన్న "ఓఎస్ డిటెక్షన్ ఫర్ ఆప్టిమస్" డిసేబుల్ చేయండి.

#14 అచ్చుతప్పు
ఎన్విడియా లేదు, ఇంటెల్ ఒక్కటే. స్వామి చెప్పినట్టు పార్టిషన్ చేసి, బాబు చెప్పినట్టు కంపాటిబిలిటీలో వేశాను (భక్తుడుగారు మన్నించాలి). ఫైళ్లు కాపీ అయ్యాయి. రీస్టార్ట్ అయ్యాక మళ్లీ మొదటి నీలం సెటప్పే వచ్చింది. మళ్లీ వేయమంటోంది. ఇలా రెండుసార్లు.

#15 బ్లూస్క్రీన్‌బాబు
"ప్రెస్ ఎనీ కీ టు బూట్ ఫ్రమ్ సీడీ" అన్నప్పుడు రెండోసారి కీ నొక్కకూడదు! అలా వదిలేస్తే డిస్క్ నుంచి లేచి మిగతాది పూర్తి చేసుకుంటుంది. సీడీ మాత్రం డ్రైవ్‌లోనే ఉంచండి, రెండో దశలోనూ ఫైళ్లు అడుగుతుంది.

#16 కోటి_కేబుల్
చెయ్యి ఊరుకోదు కదా, ఎనీ కీ అంటే ఏదో ఒకటి నొక్కాల్సిందే మనకి.

#17 అచ్చుతప్పు
నొక్కానండీ, నిజమే. ఇప్పుడు డెస్క్‌టాప్ వచ్చింది. కానీ అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి, వైఫై లేదు, కేబుల్ పెట్టినా నెట్ లేదు, సౌండ్ లేదు. డివైస్ మేనేజర్ నిండా పసుపు ప్రశ్నార్థకాలు. 8 జీబీ పెడితే 3 చిల్లరే చూపిస్తోంది.

#18 స్క్రూడ్రైవర్‌స్వామి
3 చిల్లర మామూలే. 32-బిట్ ఎక్స్‌పీకి 4 జీబీ దాటి కనపడదు, అందులోనూ గ్రాఫిక్స్ వగైరా చిరునామాలకి కొంత పోతుంది. ఒక 4 జీబీ స్టిక్ తీసి ఇంకోదాంట్లో వాడుకోండి.

డ్రైవర్లు వేరే కంప్యూటర్‌లో లెనోవో పేరున ఉన్న ఎక్స్‌పీ వెర్షన్లు దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32లో ఉండాలి. ఎక్స్‌ఫ్యాట్ అయితే కేబీ955704 (మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ నంబరు) వేసేదాకా ఎక్స్‌పీ గుర్తుపట్టదు. వరస: ముందు ఇంటెల్ చిప్‌సెట్, రీస్టార్ట్, తర్వాత పవర్ మేనేజ్‌మెంట్, గ్రాఫిక్స్, లాన్ (82579ఎల్ఎం), ఆడియో. చిప్‌సెట్ వేయకుండా ఆడియో వేస్తే డివైసే కనపడదంటుంది. ఎస్‌పీ2 వాడేవాళ్లకి ఆడియోకి ముందు కేబీ888111 కావాలి, మీది ఎస్‌పీ3 కాబట్టి అక్కర్లేదు. వైఫై డ్రైవర్ వేయకండి, కారణం కింద ఎవరో ఒకరు చెబుతారు.

#19 నల్లతాడు
నేను చెబుతా. ఆ మెషీన్ నెట్‌కి తగలకూడదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో అప్‌డేట్లు ఆగిపోయాయి. 2017లో వానాక్రై వైరస్ వచ్చినప్పుడు, 2019లో బ్లూకీప్ అనే కంత బయటపడినప్పుడు మాత్రం విడిగా ప్యాచ్‌లు ఇచ్చారు: కేబీ4012598, కేబీ4500331. ఆ రెండూ పెన్‌డ్రైవ్‌తో తెచ్చి వేయండి. బ్రౌజర్ కావాలన్నా ఫైర్‌ఫాక్స్ 52 ఈఎస్ఆర్, క్రోమ్ 49 దగ్గరే ఆగిపోయాయి. ఐఈ8కి టీఎల్ఎస్ 1.2 (సైట్లతో భద్రంగా మాట్లాడే పద్ధతి) తెలీదు, సగం సైట్లు తెరుచుకోనే తెరుచుకోవు.

#20 అచ్చుతప్పు
మరి ఆఫీసులో విండోస్ 10 మెషీన్ ఉంది. దాంట్లోకి ఫైళ్లు షేరింగ్‌లో పంపొచ్చా? నెట్ లేకుండా, రెంటికీ మధ్య కేబులే.

#21 నల్లతాడు
ఎక్స్‌పీ ఎస్‌ఎంబీ1 అనే పాత షేరింగ్ భాష మాత్రమే మాట్లాడుతుంది. విండోస్ 10లో 1709 వెర్షన్ నుంచి అది కొత్తగా వేసినప్పుడు పెట్టడం లేదు. ఫీచర్స్‌లోకి వెళ్లి ఆన్ చేయొచ్చు, కానీ వానాక్రై దూరింది సరిగ్గా ఆ కంతలోంచే. పెన్‌డ్రైవ్ వాడండి.

#22 ఒత్తులరాజు
పెన్‌డ్రైవ్ అంటే షార్ట్‌కట్ వైరస్ గుర్తొస్తుంది. డీటీపీ సెంటర్లన్నీ తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్ గంగలో మునిగొచ్చినంత పవిత్రం. ఆటోరన్ ముందే చంపండి: స్టార్ట్, రన్, జీపీఎడిట్ డాట్ ఎంఎస్‌సీ, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్, "టర్న్ ఆఫ్ ఆటోప్లే" ఎనేబుల్ చేసి ఆల్ డ్రైవ్స్. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లోనే ఉంటుంది, హోమ్‌లో ఉండదు. ఫోల్డర్లు మాయమై షార్ట్‌కట్లు కనిపిస్తే వాటిని డబుల్ క్లిక్ చేయొద్దు. కమాండ్ ప్రాంప్ట్‌లో అట్రిబ్ కమాండ్‌తో మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్ ఇచ్చి, చివర స్లాష్ ఎస్ స్లాష్ డి పెడితే అసలు ఫోల్డర్లు బయటికొస్తాయి.

#23 సీటీసీ_సీనయ్య
ఇంత తంటా ఎందుకో నాకర్థం కాదు. టీ420 వచ్చిందే విండోస్ 7తో. అన్ని డ్రైవర్లూ ఉన్నాయి, ఏహెచ్‌సీఐ సొంతంగా తెలుసు, పార్టిషన్ 1 ఎంబీ దగ్గరే మొదలుపెడుతుంది, ట్రిమ్ ఉంది. పేజ్‌మేకర్ 7.0 దాంట్లోనూ నడుస్తుంది. 32-బిట్ 7 ప్రొఫెషనల్ వేయండి. 64-బిట్ వద్దు, పాత సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు కొన్ని 16-బిట్, అవి 64-బిట్ విండోస్‌లో లేవనే లేవవు.

వేసే వరస: ఎస్‌పీ1 ఉన్న ఐఎస్ఓ, తర్వాత కేబీ3020369, దాని మీద కేబీ3125574. ఈ రెండోది 2016 దాకా వచ్చిన అప్‌డేట్ల మూట, ముందుది లేకుండా ఎక్కదు. తర్వాత కేబీ4490628, కేబీ4474419. ఈ చివరి రెండూ షా-2 అనే కొత్త తరహా డిజిటల్ సంతకాల కోసం. ఇవి లేకపోతే 2019 తర్వాతి అప్‌డేట్లేవీ దిగవు, కొత్త డ్రైవర్లు కొన్ని "సంతకం సరిచూడలేం" అంటాయి. అన్నీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని నెట్ పీకి వేయండి. లేకపోతే విండోస్ అప్‌డేట్ వెతుకుతూ వెతుకుతూ ఎస్‌వీసీహోస్ట్ అనే ప్రోగ్రామ్ ఒకటి ప్రాసెసర్‌ని గంటల తరబడి నమిలేస్తుంది.

#24 ఒత్తులరాజు
7లో పేజ్‌మేకర్ నడుస్తుంది, ఒప్పుకుంటా. అయితే రెండు పేచీలున్నాయి. అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయాలి, లేకపోతే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో తను రాసుకోవాల్సినవి రాసుకోలేక సెట్టింగులు మర్చిపోతుంది. రెండోది పీపీడీ (ప్రింటర్ వివరాల ఫైలు). డిస్టిలర్ (పీడీఎఫ్ చేసే అడోబ్ ప్రింటర్) పీపీడీ ఫైలు పేజ్‌మేకర్ ఫోల్డర్‌లో ఆర్ఎస్ఆర్‌సీ, యూఎస్ఇంగ్లిష్, పీపీడీ4లో చేత్తో కాపీ చేయకపోతే ఎక్స్‌పోర్ట్ పీడీఎఫ్ మొరాయిస్తుంది. ఎక్స్‌పీలో కూడా ఈ ఫోల్డర్ ఓసారి చూసుకోవడం మంచిది.

#25 సీటీసీ_సీనయ్య
చూశారా, రెండే. ఎక్స్‌పీకి ఇప్పటిదాకా పాతిక పోస్టులయ్యాయి.

#26 మీసాల_మౌస్
😂

#27 డబుల్‌క్లిక్
ఇక్కడే అడుగుతున్నా. నాది 4వ తరం ఇంటెల్ ల్యాప్‌టాప్. ఎక్స్‌పీ పడుతుందా?

#28 స్క్రూడ్రైవర్‌స్వామి
పడొచ్చు, కానీ ఇంటెల్ గ్రాఫిక్స్‌కి ఎక్స్‌పీ డ్రైవర్లు 3వ తరంతో ఆఖరు. మీదాంట్లో గుమ్మడికాయ అక్షరాలతోనే బతకాలి. 3వ తరంలోనూ ఇంటెల్ యూఎస్‌బీ 3.0కి ఎక్స్‌పీ డ్రైవర్ లేదు, బయోస్‌లో యూఎస్‌బీ 3.0 ఆపేస్తే ఆ పోర్టులు 2.0గా పనిచేస్తాయి. మీకు 7 నయం.

6వ తరం వాళ్లకి 7 కూడా నేరుగా పడదు. ఆ చిప్‌సెట్‌లో పాత ఈహెచ్‌సీఐ (యూఎస్‌బీ 2.0 కంట్రోలర్) లేదు, సెటప్ పెన్‌డ్రైవ్ నుంచి మొదలై కాసేపటికి ఆ పెన్‌డ్రైవ్‌నే గుర్తుపట్టక "సీడీ/డీవీడీ డ్రైవర్ లేదు" అంటుంది. సీడీ గురించి కాదు ఆ ఏడుపు, యూఎస్‌బీ 3.0 డ్రైవర్ గురించి. సెటప్‌లోని బూట్ డాట్ విమ్ ఫైల్లోకి ఆ డ్రైవర్ ఎక్కించాలి. ఎన్‌వీఎంఈ (కొత్త తరహా ఎస్‌ఎస్‌డీ) డిస్క్ అయితే కేబీ2990941 కూడా.

#29 టక్స్‌తమ్ముడు
లేదా వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపేది). మింట్ అనట్లేదు, చూశారా, ఎదిగాను.

#30 నల్లతాడు
తమ్ముడు ఈసారి సరిగ్గా చెప్పాడు. కొత్త మెషీన్ల వాళ్లకి అదే దారి. గెస్ట్‌కి, అంటే లోపల నడిచే ఎక్స్‌పీకి, 1 జీబీ ర్యామ్, 10 జీబీ డిస్క్ చాలు. స్టోరేజ్ కంట్రోలర్ ఐడీఈ (పీఐఐఎక్స్4) ఉంచండి, సాటాకి మారిస్తే అక్కడా 7బి ఎదురొస్తుంది. నెట్‌వర్క్ అడాప్టర్ టిక్ తీసేయండి. గెస్ట్ అడిషన్స్ వేస్తే షేర్డ్ ఫోల్డర్ ద్వారా పీడీఎఫ్ బయటికి తెచ్చుకోవచ్చు, పెన్‌డ్రైవ్ గొడవే ఉండదు. అన్నీ సర్దాక ఒక స్నాప్‌షాట్ తీసి పెడితే ఎప్పుడు చెడినా నిమిషంలో వెనక్కి. యూఎస్‌బీ లాక్ (తాళంలా తగిలించే ముక్క) ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే యూఎస్‌బీ ఫిల్టర్ పెట్టి దాన్ని గెస్ట్‌కి అప్పగించాలి. పాత ప్యారలల్ పోర్టు లాక్ అయితే మాత్రం ఆశ వదులుకోండి, అసలు మెషీనే కావాలి.

#31 అచ్చుతప్పు
డ్రైవర్లన్నీ స్వామి వరసలో పడ్డాయి. పసుపు గుర్తు ఒక్కటే మిగిలింది, అది వైఫై, కావాలనే వదిలేశా. ఎంఎస్ఇన్ఫో32లో పార్టిషన్ ఆఫ్‌సెట్ 1,048,576 చూపిస్తోంది. పేజ్‌మేకర్ లేచింది, ఆపిల్ కీబోర్డ్ (అనులోని ఒక లేఅవుట్) పద్ధతిలో టైపు పడుతోంది.

ఇప్పుడు రెండు సమస్యలు. పాత ఫైలు తెరవగానే పానోస్ అని ఏదో డబ్బా వచ్చింది, ఓకే కొట్టా, మ్యాటరంతా గజిబిజి ఇంగ్లిషు అక్షరాలైపోయింది. రెండోది, వాట్సాప్‌లో వచ్చిన తెలుగు మ్యాటర్‌ని నోట్‌ప్యాడ్‌లో తెచ్చి పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేస్తే వరసగా ప్రశ్నార్థకాలు.

#32 ఒత్తులరాజు
మొదటిది: ఓకే కొట్టకూడదు! ఆ డబ్బా "ఈ ఫాంటు లేదు, బదులు ఇది వాడనా" అని అడుగుతోంది. ఈ ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లిషు అక్షరాల గళ్లలో కూర్చుని ఉంటుంది, బదులు ఏరియల్ పెడితే లోపలి గళ్లు బయటపడతాయి. క్యాన్సిల్ కొట్టి, డబ్బాలో కనిపించిన ఫాంట్ పేరు రాసుకుని, దాన్ని వేసి మళ్లీ తెరవండి. ఓకే కొట్టిన ఫైలు సేవ్ చేయలేదు కదా? చేసి ఉంటే అసలు కాపీ వాడండి.

రెండోది: వాట్సాప్ మ్యాటర్ యూనికోడ్. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలీదు. విండోస్ 10 మెషీన్‌లో యూనికోడ్ నుంచి అనుకి మార్చే కన్వర్టర్‌లో వేసి, వచ్చింది టెక్స్ట్ ఫైలుగా తెచ్చుకోండి. ప్రూఫ్ తప్పకుండా చూడండి, క్రావడి, రెండేసి ఒత్తులున్న మాటలు, అరసున్న దగ్గర కన్వర్టర్లు తడబడతాయి. ఎక్స్‌పీలో యూనికోడ్ తెలుగు కనిపించడానికే రీజినల్ సెట్టింగ్స్, లాంగ్వేజెస్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ టిక్ పెట్టాలి. సీడీలోని ఐ386 అడుగుతుంది. అది చేస్తేనే గౌతమి ఫాంట్‌లో ఒత్తులు కిందికి దిగుతాయి.

#33 కోటి_కేబుల్
కంప్యూటర్ పాతదైతే ఒత్తులు కూడా మాట వినవు.

#34 అచ్చుతప్పు
ఫాంట్లు వేశాక ఫైలు అచ్చు పాతప్పటిలాగే తెరుచుకుంది. సేవ్ చేయలేదు, బతికిపోయా. పీడీఎఫ్ దగ్గర మాత్రం డిస్టిలర్ హోస్ట్ ఫాంట్లు పంపలేదని ఏదో చెప్పి ఆగిపోతోంది.

#35 ఒత్తులరాజు
ప్రింటర్స్‌లో డిస్టిలర్ మీద రైట్ క్లిక్, ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్, అడోబ్ పీడీఎఫ్ సెట్టింగ్స్. "డు నాట్ సెండ్ ఫాంట్స్" అన్న టిక్ తీసేయండి. కొత్త ఆక్రోబాట్‌లో అదే "రిలై ఆన్ సిస్టమ్ ఫాంట్స్ ఓన్లీ" పేరుతో ఉంటుంది. జాబ్ ఆప్షన్ ప్రెస్ పెట్టి, ఫాంట్స్ ట్యాబ్‌లో ఎంబెడ్ ఆల్ ఫాంట్స్. పీడీఎఫ్ వచ్చాక డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ తెరిచి ప్రతి పేరు పక్కనా ఎంబెడెడ్ అని ఉందో లేదో చూసి పంపండి. లేకపోతే ప్లేటు మీద #31లోని గజిబిజే పడుతుంది.

#36 అచ్చుతప్పు
అన్నిటి పక్కనా ఎంబెడెడ్ సబ్‌సెట్ అని ఉంది. 16 పేజీల ఫైలు వెళ్లింది, ప్లేటు వాళ్లు సరే అన్నారు. గడియారం మాత్రం కరెంటు పీకినప్పుడల్లా 2011కి పోతోంది.

#37 స్క్రూడ్రైవర్‌స్వామి
సీమాస్ బ్యాటరీ (గడియారాన్నీ బయోస్ సెట్టింగుల్నీ నిలిపేది) అయిపోయింది. సీఆర్2032 సెల్లే, కానీ తీగలతో ప్లగ్ ఉన్నది అడగండి, ఉత్త బిళ్ల తెస్తే మీరే టంకం పెట్టుకోవాలి. మార్చాక బయోస్‌లో సాటా ఇంకా కంపాటిబిలిటీలోనే ఉందో లేదో చూసి మరీ ఆన్ చేయండి. డిఫాల్ట్‌కి పోయి ఉంటే మళ్లీ #1.